నాలుగు బొక్కల బీడు

ఆ గురువారం పొద్దున లక్ష్మప్ప మనసులో పెద్ద ఆలోచనలేమీ లేవు. ఎమ్మిగనూరులో బస్సు తీయాలి, జనాన్ని ఆదోనిలో దింపాలి, పత్తి మార్కెట్టు పక్కన టీ తాగాలి, భార్య లింగమ్మ చెప్పిన ఎండుకొబ్బరి కొనాలి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. సొంత బస్సు ఉన్న మనిషి అంతకు మించి ఆలోచనలు పెట్టుకోకూడదని అతనికి అనుభవం మీద తెలిసింది. ఆ బస్సు యుద్ధానికి ముందు పుట్టింది. దాన్ని కదిలించడం ఒక పని, ఆపడం ఇంకో పని, మధ్యలో జరిగేదంతా దేవుడి పని.

ఆదోని తాలూకా బళ్లారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తలు అవి. బస్సు పక్కన "బళ్లారి" అన్న అక్షరాల మీద లక్ష్మప్ప నీలం రంగు వేయించాడు. ఎండకు ఆ రంగు పెచ్చులు లేచి బళ్లారి మళ్లీ తొంగి చూసేది. జనం దాన్ని పట్టించుకునేవాళ్లు కాదు. వాళ్లకు కావలసింది బస్సు వస్తున్నదా లేదా అన్నదొక్కటే, అది రెండు ఊళ్ల అవతలి నుంచే చెవులకు తెలిసేది.

ఎందుకంటే కొన్ని నెలలుగా ఇంజను పక్కన ఎక్కడో సన్నటి పగులు పడింది. బస్సు టపటపమని అరుచుకుంటూ వస్తుంటే ఎద్దులు బెదిరి బండ్లను చేలల్లోకి లాక్కుపోయేవి. పలకల సందుల్లోంచి పొగ లోపలికి వచ్చేది. డ్రైవరు పక్కనున్న ముందు సీటులో కూర్చున్నవాళ్లు పెళ్లికని బయలుదేరి, రైలింజనులో బొగ్గు వేసినవాళ్లలా దిగేవారు. ఆ సీటులో ఇష్టపడి కూర్చునేది ఈరప్ప అనే ముసలి రైతు ఒక్కడే. కూతురిని ఆదోనికి ఇచ్చాడు, వారం వారం చూడ్డానికి పోయేవాడు. ముందు కూర్చుంటే కూతురి ఊరు ముందే కనిపిస్తుందని అతని లెక్క.

కర్నూలు నుంచి బస్సుల తనిఖీకి వచ్చే బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు మాత్రం ఆ పొగ నచ్చలేదు. కిందటిసారి వచ్చినప్పుడు దగ్గి, కళ్లు తుడుచుకుని, "సోమవారం మళ్లీ వస్తాను. ఈ చప్పుడు, ఈ పొగ ఇలాగే ఉంటే పర్మిట్టు ఇంకొకరికి పోతుంది" అని చెప్పి వెళ్లాడు. ఆ సోమవారం ఇప్పుడు వచ్చే సోమవారమే. పర్మిట్టు పోతే లక్ష్మప్పకు ఇంకో విద్య రాదు.

ఆదోని దగ్గర పడుతుండగా పగులు ఒక్కసారిగా నోరు తెరిచింది. బస్సు జిన్నింగు మిల్లుల వెనకనున్న గఫూర్ సాబ్ షెడ్డు దాకా దగ్గుతూ వచ్చి ఆగింది. గఫూర్ సాబ్ బానెట్టు ఎత్తి, బీడీ ఆర్పి, తల లోపల పెట్టి చాలాసేపు తీయలేదు.

"బీడు పగిలింది భాయ్," అన్నాడు చివరికి.

ఇంజను బొక్కల్లోంచి వచ్చే పొగనంతా పోగేసి సైలెన్సరు గొట్టంలోకి పంపే లావాటి ఇనుప ముక్క అది. పుస్తకాల్లో దానికి ఏదో ఇంగ్లీషు పేరుంది. పోత ఇనుముతో, అంటే బీడుతో చేస్తారు కనుక గఫూర్ సాబ్ షెడ్డులో దాన్ని బీడు అనే పిలిచేవారు. పిలుపు సులువే కానీ వైద్యం సులువు కాదు. గఫూర్ సాబ్ దాన్ని విప్పి, కాల్చి, గ్యాసుతో అతుకు వేశాడు. చల్లారేటప్పుడు అది టిక్కుమని ఒక శబ్దం చేసి, పాత పగులు పక్కన కొత్త పగులు చూపించింది.

"బీడుకు అతుకు నిలబడదు. ఇంకో బీడు తేవాల. పాతదైనా పర్వాలా. నాలుగు బొక్కలుండాల, పగులు ఉండగూడదు. ఆదోనిలో అయితే ల్యా, నేనే ఎతికి సాలించుకున్నా."

లక్ష్మప్ప కండక్టరు భీమన్నను పిలిచాడు. భీమన్న మంచివాడు, గొంతు పెద్దది. ఒక్కటే లోపం, ఎదుటివాళ్ల మాట సగం వినగానే టికెట్టు చింపే అలవాటు వల్ల మిగతా సగం అతనికి ఎప్పుడూ అందేది కాదు.

"భీమన్నా, నేను రైలెక్కి బళ్లారికి పోతాండా. నువ్వు ఊరికి పోయి ఇంట్లో సెప్పు. తెలిసినోళ్లందరికీ సెప్పు. మనకు బీడు కావాల, పాతదైనా సరే. సోమారం లోపల దొరకల్ల. బస్సుదని సెప్పు, నాలుగు..."

"సెప్తాలే అన్నా," అని భీమన్న అప్పటికే కదిలిపోతున్న పత్తి బండి ఎక్కేశాడు.

దారి పొడుగునా ప్రతి ఊళ్లోనూ బస్సు కోసం నిలబడ్డ జనం అతన్ని ఆపి అడిగారు. ప్రతి ఊళ్లోనూ భీమన్న బండి మీద లేచి నిలబడి ఒకే మాట చెప్పాడు. "బస్సు రాదు. మా యజమాని బీడు కోసరం తిరుగుతాండాడు. ఎవురి దగ్గరన్నా బీడుంటే సెప్పండప్పా. సోమారం లోపల కావాలంట."

ఆ రోజుల్లో ఆ పక్క బీడు లేని ఊరు లేదు. వాన లేక, నీరు లేక, దున్నేవాడికి ఓపిక లేక ముళ్లకంపలతో పడి ఉన్న నేల ఎటు చూసినా కనిపించేది. మరోపక్క తుంగభద్ర కాలవ వస్తుందని, ఎర్రజెండా కర్రలు పట్టుకుని సర్వేవాళ్లు చేలకడ్డం పడి తిరుగుతున్నారని ఊరూరా ఒకటే మాట. కాలవ ఏ పక్క నుంచి పోతుందో ఎవరికీ తెలియదు. తెలిసినవాడు రాజవుతాడని మాత్రం అందరికీ తెలుసు.

ఎమ్మిగనూరు కాఫీ హోటల్లో నరసన్న గ్లాసులు కడుగుతూ ఆ ముడి విప్పేశాడు. "బస్సు పక్కన పెట్టి మరీ బీడు కొంటాండాడంటే ఏందని అర్థం? సర్వే దొర ఆయప్ప బస్సులోనే కదా తిరుగుతాండేది. కాలవ యాడ వస్తాదో సెప్పింటాడు."

"యాడ సెప్తాడు? ముందు సీటులో కూసుంటే కదా సెప్పేది. ఆడ పొగ," అన్నాడు ఒకడు.

"ఆ పొగలో కూసోని సెప్పినాడంటే ఎంత పెద్ద మాట అయ్యుండాల సూడు," అన్నాడు నరసన్న. అడిగినవాడు కాఫీ సగంలో వదిలి తన బీడు చూసుకోవడానికి లేచిపోయాడు.

శుక్రవారానికి మేకలు కూడా మొహం తిప్పుకునే నేలల చుట్టూ కంచెలు లేచాయి. అన్నదమ్ములు పంపకాల్లో ఒకరి మీదికి ఒకరు తోసుకున్న గుట్టలను ఇప్పుడు నాదంటే నాదని కొట్టుకున్నారు. ఊరి మొదట్లో మల్లన్న అనే ఆసామి తన బీడులో రాత్రి కాపలాకు మనిషిని పెట్టాడు. ఆ మనిషి ఏది పోకుండా కాపలా కాయాలో తెలియక రాళ్ల మధ్య పడి నిద్రపోయాడు.

లింగమ్మ మాత్రం ఈ గోలలో దూరలేదు. ఆమెది గోనెగండ్ల, సేద్యం చేసే ఇల్లు. పుట్టింటి చేను అన్నల పంపకాల్లో చెదిరిపోయింది, మెట్టినింట బస్సు తప్ప ఏమీ లేదు. విత్తనం చల్లే కాలం వస్తే ఆమె చేతులు ఊరికే ఉండలేక పెరట్లో కుండ పెంకులో నాలుగు కొర్ర గింజలు వేసి చూసుకునేది. "ఆ ఇనుప డబ్బా కడుపుకు కూడు పెడతాది గానీ, కాలి కింద మన్ను పెట్టదు" అని మొగుణ్ని ఎన్నోసార్లు దెప్పింది. అలాంటి మనిషికి భీమన్న వచ్చి, "అన్న బీడు కోసరం బళ్లారికి కూడా పోయినాడు వదినా" అని చెప్పగానే ఆమె లోపలికి పోయి గడపకు పసుపు పూసింది. శెనగబేళ్లు నానబెట్టింది.

లక్ష్మప్ప శనివారం పొద్దున వట్టి చేతులతో దిగాడు. బళ్లారి పాత ఇనుము బజారులో ఒక్కో కొట్టువాడు ఇంకో కొట్టు చూపించాడు, ఆఖరి కొట్టువాడు మొదటి కొట్టు చూపించాడు. అలసిపోయి, ఎండుకొబ్బరి మరిచిపోయి, తిట్లకు సిద్ధపడి ఇంట్లో అడుగు పెట్టిన మనిషికి వేడినీళ్లు, శెనగబేళ్ల పూర్ణం పెట్టి నెయ్యి వేసిన ఓళిగలు ఎదురయ్యాయి.

"బీడు సంగతి ఏమాయ?" అని అడిగింది లింగమ్మ.

లక్ష్మప్ప చేతిలో ఓళిగ ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె బస్సు గురించి ఇంత మెత్తగా అడిగింది లేదు. "బళ్లారిలో దొరకల్యా," అన్నాడు.

"బళ్లారిలో ఎందుకు? మా గోనెగండ్ల పక్క శానా ఉంది."

"గోనెగండ్లలోనా? నిజంగా?"

"ఎవురూ ముట్టుకోరు. ఊరికే పడుంటాది. మనకేం పెద్దది వద్దులే, ఇంత ఉన్నా సాలు," అని ఆమె చేతులు కొంచెం చాపింది.

"అవును, అంతే ఉంటాది. మూరెడు," అన్నాడు లక్ష్మప్ప. ఆమె నవ్వింది. తన బస్సును సవతిలా చూసిన మనిషి దాని కష్టం ఇంతగా అర్థం చేసుకున్నందుకు అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో ఓళిగ వేయించుకున్నాడు.

తినడం అయ్యేసరికి బయట అరుగు మీద మల్లన్న కూర్చుని ఉన్నాడు.

"మా బీడు సూస్తావా లక్ష్మప్పా?"

"పగుల్లేమన్నా ఉండాయా?"

"బీడన్నాక పగలకుండా ఉంటాదా అప్పా, ఎండకు."

"పగిలిందయితే నాకొద్దు. బొక్కలెన్ని?"

మల్లన్న ఈ ప్రశ్నకు తయారై రాలేదు. "లెక్క పెట్టల్యా. యెలకలైతే శానా ఉండాయి."

ఏదో గాదెలో పడి ఉన్న ఇనుమని లక్ష్మప్ప అనుకున్నాడు. "నాకు నాలుగే కావాల. ఒక పక్క ఊదితే ఇంకో పక్కకు గాలి పోతాదా?"

"గాలికేం అడ్డం? ఒక్క సెట్టన్నా ల్యా."

"ఊరికే మాటలెందుకప్పా. ఒక సంచిలో ఏసుకొని తెస్తే ఈడనే సూసి సెప్తా కదా."

మల్లన్న లేచాడు. మన్ను చూసి నేల జాతి చెప్పే విద్య బస్సు నడిపేవాడికి ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియలేదు. అయినా కాలవ సంగతి తెలిసినవాడికి ఏ విద్య అయినా ఉండవచ్చు. దారిలో కనిపించిన నలుగురికి ఈ సంగతి చెప్పాడు.

పొద్దు వాలేసరికి లక్ష్మప్ప అరుగు నిండా సంచులు. గోనె సంచులు, దిండు గలీబులు, ఒకచోట పెళ్లికి కుట్టించిన కొత్త జుబ్బా చేతులు ముడేసి చేసిన మూట. కునుకు తీసి బయటికి వచ్చిన లక్ష్మప్ప ఒక సంచి విప్పాడు. ఎర్రమన్ను. ఇంకోటి విప్పాడు. నల్లమన్ను. మూడోదాంట్లో మన్నుతో పాటు ఒక తొండ ఉంది, అది అతన్ని చూసి అటే పారిపోయింది.

"ఏందప్పా ఇదంతా?"

"బీడు," అన్నారు అరుగు కింది జనం. "సంచిలో తెమ్మన్నావంట కదా."

అప్పుడు లక్ష్మప్పకు మొత్తం అర్థమయింది. భీమన్న బండెక్కి పోవడం, అందరూ తనకు కొత్తగా దండాలు పెట్టడం, ఓళిగలు, మూరెడు అన్నప్పుడు లింగమ్మ నవ్విన నవ్వు. మంచినీళ్ల వంకతో లోపలికి పోయాడు. లింగమ్మ చేటలో కొర్రలు పోసుకుని, లావు గింజలు వేరు చేస్తోంది. విత్తనానికి.

చెప్పాలని నోరు తెరిచాడు. ఆమె తలెత్తకుండానే, "పెరట్లో పెంకులో మొలిసినయి, సేన్లో మొలవకుండా పోతాయా" అంది. లక్ష్మప్ప చెంబుడు నీళ్లు తాగి బయటికి వచ్చాడు. బస్సు నిలిచిపోయినప్పుడు కూడా అతనికి అంత బాధ వేయలేదు.

అరుగు దగ్గర జనం పల్చబడ్డాక ఈరప్ప వచ్చాడు. చేతిలో సంచి లేదు.

"నేను మన్ను మోసుకొని రాలేను లక్ష్మప్పా. కావాలంటే నువ్వే వచ్చి నా బీడు సూసుకో. కాలవ కాలవ అంటాండారు గానీ, మా నాయన బతికుండంగా నుంచి ఇంటాండా నేను ఆ మాట. నాకు ఆ నేల వదిలిపోతే సాలు. నడుమ ఆ మిల్ట్రీ లారీ ఒకటి పడి సచ్చె, నాగలి తిరగదు."

"ఏం లారీ?" అన్నాడు లక్ష్మప్ప, అరుగు దిగి వచ్చి.

"యుద్ధం లారీ. ఎవురో కంట్రాక్టరు వేలంలో కొన్నాడు, కంకర తోలినాడు, సెడిపోతే ఆడనే ఇడిసి పారిపోయినాడు. మూతి నీ బస్సు మూతి మాదిరే ఉంటాది."

ఆదివారం పొద్దున ఈరప్పతో కలిసి ముగ్గురూ గోనెగండ్ల దారిలోని అతని బీడుకు బయలుదేరారు. బీడు చూడ్డానికి తానూ రావాలని లింగమ్మ పట్టుబట్టింది, వద్దనడానికి లక్ష్మప్పకు నోరు లేదు. చేను చేరగానే అతను ఒక పక్కకు, ఆమె ఒక పక్కకు పోయారు. తుప్పు పట్టిన లారీ బానెట్టు ఎత్తి చూస్తే, చీమలపుట్ట వెనక, తన బస్సు ఇంజనుకు తోడబుట్టిన ఇంజను. లక్ష్మప్ప కిరసనాయిలు పోసి నట్లు నానబెట్టి, విప్పి, ఆ ఇనుప ముక్కను బయటికి లాగాడు. నాలుగు బొక్కలూ ఉన్నాయి. రాయితో కొడితే గుడిగంటలా ఖంగుమంది. పగులు ఉంటే ఆ మోత రాదు. అతను దాన్ని చంటిబిడ్డలా గుండెకు హత్తుకున్నాడు.

తలెత్తేసరికి ఎదురుగా లింగమ్మ, గుప్పిట నిండా మన్నుతో.

"మంచి నేల," అంది. అతని చేతుల్లోకి చూసింది. "ఏంది అది?"

"బీడు," అన్నాడు లక్ష్మప్ప. అబద్ధం చెప్పే శక్తి కూడా లేకపోయింది. "బస్సుది. మెకానిక్కులు దీన్నీ బీడే అంటారు. నేను ఎతికింది దీన్నే లింగమ్మా."

లింగమ్మ గుప్పిట విప్పి, మన్ను కింద పోసింది. చేతులు మాత్రం దులుపుకోలేదు. ఆమె ఏడ్చి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

"సరేలే," అంది. "బస్సు తిరగల్ల కదా. తీసుకో."

"ఆగండాగండి," అన్నాడు ఈరప్ప. "ఇనుమొక్కటే పీక్కోని పోతానంటే నేనియ్యను. ఇది పడినాకనే నా నేల బీడాయ. తీసుకుంటే రెండూ తీసుకోండి, ల్యాకుంటే రెండూ ఇడిసిపెట్టండి. నాకా, దున్నే ఓపిక ల్యా. దుడ్లొద్దు, బస్సులో ముందు సీటు నాది కావల్ల. నేనున్నన్నాళ్లు."

"ఆ సీటులో ఎవురు కూసుంటారు మామా, అది ఎప్పుడూ నీదే కదా," అన్నాడు లక్ష్మప్ప.

"ఇప్పుడు పొగ కాబట్టి నాది. బాగాయ అంటే ఊరంతా ఎగబడతాది. అప్పుడు కూడా నాదే అని సెప్పు."

లక్ష్మప్ప ఆలోచించేలోపే లింగమ్మ ఆ మన్నును మళ్లీ గుప్పిట పట్టింది. "నీదే మామా. మా అమ్మ వచ్చినా లేపం" అంది.

ఆ సాయంత్రానికి ఆదోనిలో గఫూర్ సాబ్ బీడు బిగించి, ఇంజను తిప్పించాడు. బస్సు గొంతు తగ్గించి మాట్లాడింది. లక్ష్మప్పకు మొదట ఇంజను ఆగిపోయిందనిపించింది. గఫూర్ సాబ్ చేయి తుడుచుకుంటూ, "ఇట్లుండె భాయ్ ఇది, కొత్తలో. నేను ఇన్నా," అన్నాడు. ఇద్దరూ కొంచెంసేపు ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు.

సోమవారం బస్సు ఎంత మెత్తగా వచ్చిందంటే, దారిలో ఊళ్లవాళ్లు టపటప వినపడే దాకా ఇంట్లోనే ఉందామని కూర్చుని బస్సు అందుకోలేకపోయారు. ఎమ్మిగనూరు ట్రావెలర్స్ బంగ్లా ముందు ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. లక్ష్మప్ప దిగి బానెట్టు ఎత్తబోయాడు. ఇన్‌స్పెక్టరు అతని భుజం మీద చేయి వేసి వేపచెట్టు కిందికి తీసుకుపోయాడు.

"అది తర్వాత చూద్దాం. మీరు గోనెగండ్ల దారిలో బీడు తీసుకున్నారటగా? కాలవ అటేనా?"

"సార్, నాకు కాలవ సంగతి తెలీదు సార్. బీడంటే ఇది," అని లక్ష్మప్ప బస్సు దగ్గరికి పరుగెత్తి, బానెట్టు ఎత్తి, వేలు పెట్టి చూపించాడు. "నాలుగు బొక్కలది. దీనికోసమే తీసుకున్నా."

ఇన్‌స్పెక్టరు ఇంజను వైపు చూడలేదు. లక్ష్మప్ప మొహంలోకి చూసి, ఎంతో తెలిసినవాడిలా నవ్వాడు. "చెప్పరులెండి. ఎవరు మాత్రం చెబుతారు," అన్నాడు. బస్సు నిశ్శబ్దంగా ఉందని రాసి పర్మిట్టు ఇచ్చాడు. ఆ నెలలోనే ఈరప్ప బీడు పక్కనున్న రాళ్ల దిబ్బ ఆయన బావమరిది కొన్నాడు. దాని పక్కది మల్లన్న కొన్నాడు.

కాలవ వచ్చింది. అటు పక్క నుంచి కాదు, ఇంకో పక్క నుంచి. లింగమ్మకు మాత్రం అది పట్టలేదు. రాళ్లేరి, కంప కొట్టి, వాన పడ్డ ఏడాది కొర్రలు వేసింది, పడని ఏడాది మళ్లీ రాళ్లు ఏరింది. పంట వచ్చిన మొదటి ఏడు కొర్రన్నం వండి గఫూర్ సాబ్ ఇంటికి కూడా క్యారియరు పంపింది. సాయంత్రాలు చేనిగట్టు మీద కూర్చుంటే ఆదోని నుంచి వచ్చే బస్సు వినపడేది కాదు, ఆ పాత టపటపే బాగుండేదని ఆమె ఒకసారి అంది. ఈరప్ప పోయేదాకా ముందు సీటులోనే తిరిగాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ సీటు ఖాళీగానే పోయేది, ఎవరైనా కూర్చోబోతే భీమన్న ఊరుకునేవాడు కాదు.

బస్సు ఎప్పుడో పాత ఇనుముకు పోయింది. నేల ఉంది. దాన్ని ఇప్పటికీ నాలుగు బొక్కల బీడు అనే అంటారు, బొక్కలేవని అడిగితే మాత్రం ఎలక బొక్కలను చూపిస్తారు.